అనంతపురంలో 'గ్రీన్ హోమ్' కొంటున్నారా? రాత్రి తొమ్మిదింటికి వెళ్లి చూడండి

మొన్న మే నెలలో మా బామ్మర్దికి ఫ్లాట్ చూద్దామని అనంతపురంలో నాలుగు వైపులా తిరిగాం. ఒక చోట బ్రోచరు మీద ఆకు బొమ్మ, దాని కింద 'ఎకో ఫ్రెండ్లీ లివింగ్' అని అచ్చేశారు. గేటు లోపల పచ్చటి లాన్, లిఫ్టు పక్కన మనీప్లాంట్ కుండీలు, టెర్రస్ మీద రెండు సోలార్ వాటర్ హీటర్లు. బామ్మర్ది ముఖం వెలిగిపోయింది. చూపించే పిల్లోడితో నేను, "రాత్రి తొమ్మిదికి ఇంకోసారి వస్తాం, పై అంతస్తు తాళాలు ఇస్తావా?" అన్నా. వాడు నన్ను ఎగాదిగా చూసి, "రాత్రి ఏం కనపడ్తాది సార్?" అన్నాడు.

కనపడదు, తెలుస్తుంది. పొద్దు మునిగి రెండు గంటలు దాటాక, ఆ ఐదో అంతస్తు ఫ్లాట్‌లో పడమటి బెడ్రూం గోడకు అరచెయ్యి ఆనిస్తే, జ్వరమొచ్చిన పిల్లోడి నుదురు పట్టుకున్నట్టుంది. ఫ్యాన్ వేస్తే స్లాబ్ కింది వేడిగాలి నెత్తిన పోసింది. బయట బాల్కనీలో గాలి చల్లగానే ఉంది. అంటే ఆ ఇంట్లో మే, జూన్ నెలల్లో ఏసీ లేకుండా కన్ను మూతపడదు. బ్రోచరులో ఆకు బొమ్మ వేసుకున్న ఇల్లది.

'పర్యావరణానికి మేలు చేసే ఇల్లు' అన్న మాట విన్నప్పుడల్లా మనం ఒకే లెక్క అనుకుంటాం. నిజానికి లెక్కలు చాలా ఉన్నాయి, ఒక్కోటి ఒక్కో ఖాతా. ఇల్లు కట్టడానికి ఎంత కాల్చాం అన్నది ఒకటి. అందులో బతకడానికి ఏటా ఎంత కాలుస్తాం అన్నది ఇంకోటి. నీళ్లు ఎక్కడి నుంచి తెస్తున్నాం, ఎక్కడికి పోనిస్తున్నాం అన్నది వేరే. అసలు ఆ స్థలం అంతకుముందు ఏమిటన్నది మరొకటి. అమ్మేవాళ్లు ఒక ఖాతాలో జమ చూపించి, ఇంకో ఖాతాలో అప్పు దాస్తారు. మోసమనే అక్కర్లేదు, చాలామందికి ఆ రెండో ఖాతా ఉందనే తెలీదు.

ముందు ఎండ సంగతి. అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ ఆఖర్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్నపు ఎండ కాస్త ఉత్తరం వైపు నుంచే పడుతుంది. కడప, కర్నూలులో కూడా నాలుగు రోజులు అటూ ఇటూగా ఇంతే. అంటే మనల్ని కాల్చే నెలల్లో మిట్టమధ్యాహ్నం ఎండ దక్షిణపు గోడకు తగలనే తగలదు. దెబ్బంతా పైకప్పుకు, పొద్దున తూర్పు గోడకు, సాయంత్రం పడమటి గోడకు. వీటిలో పైకప్పుది పెద్ద వాటా. పగలంతా తాగిన వేడిని స్లాబూ గోడా కొన్ని గంటలు ఆలస్యంగా లోపలికి వదుల్తాయి కాబట్టే, రాత్రి తొమ్మిదింటికి వెళ్లమంటున్నా. పొద్దున పదకొండింటికి చూస్తే ఏ ఇల్లయినా చల్లగానే ఉంటుంది.

స్లాబ్ గుండా వేడి ఎంత జోరుగా దిగుతుందో చెప్పే అంకెను ఇంజనీర్లు 'యూ విలువ' అంటారు. ఎంత తక్కువుంటే అంత మేలు. నివాస భవనాల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ 2018లో 'ఎకో నివాస్ సంహిత' అని ఒక నియమావళి తెచ్చింది. దాని ప్రకారం పైకప్పు యూ విలువ 1.2 దాటకూడదు. అంటే లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉన్నప్పుడు, ఒక చదరపు మీటరు కప్పు గుండా 1.2 వాట్లకు మించి వేడి దిగకూడదు. మన ఊళ్లలో వేసే ఐదంగుళాల ఉత్త కాంక్రీటు స్లాబుకు ఆ విలువ మూడుకు పైనే. అదే స్లాబ్ మీద రెండంగుళాల ఎక్స్‌పీఎస్ షీటు (వేడిని ఆపే గట్టి నురుగు పలక) పరిచి, దాని మీద కాంక్రీటు పోసి టైల్స్ వేస్తే 0.6 దగ్గరికి దిగుతుంది. ఇల్లు కొనేటప్పుడు కిచెన్ చిమ్నీ ఏ కంపెనీదని అడిగేవాళ్లను చూశా గానీ, స్లాబ్ మీద ఏం పరిచారని అడిగినవాళ్లను నేనింతవరకు చూళ్లేదు. తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ కూడా పనిచేస్తుంది, చవక కూడా. కాకపోతే మన ఊరి గాలికీ దుమ్ముకీ మాసిపోతుంది, ఏటా కడగాలి, రెండు మూడేళ్లకోసారి మళ్లీ వేయాలి. అపార్ట్‌మెంట్‌లో ఆ పని ఎవరు చేయిస్తారన్నది అసోసియేషన్ మీటింగుల్లో తేలే విషయం, అంటే తేలని విషయం.

మా జేజి వాళ్ల మిద్దె గుర్తొస్తుంది నాకు. రాతి గోడలు మూరెడు మందం. దూలాల మీద దంతెలు, వాటి మీద కర్రలు పరిచి, మట్టి తొక్కి, పైన చౌడు మన్ను పరిచేవాళ్లు. వానలకు ముందు ఏటా కొత్త చౌడు చల్లేవాళ్లు. నడింట్లో గవాచి ఉండేది, వేడిగాలి దాంట్లోంచి పైకి పోయేది, వెలుతురు కిందికి దిగేది. నాలుగు రోజులు ముసురు పడితే కారేది కూడా, చెంబులూ గిన్నెలూ పెట్టుకుని కూర్చునేవాళ్లం. కాబట్టి మిద్దెలే గొప్పవి, వెనక్కి పోదామని అనను. ఎండ నెత్తి మీదే పడుతుందన్న సంగతి తెలిసినవాళ్లు కట్టారని మాత్రం అంటాను.

గోడల దగ్గర చిక్కుముడి ఇంకొంచెం గట్టిది. బిల్డర్ "మేము ఫ్లైయాష్ బ్రిక్స్ వాడాం, గ్రీన్ మెటీరియల్" అంటాడు. అబద్ధం కాదు. కడప జిల్లాలో రాయలసీమ థర్మల్ పవర్ ప్లాంట్ ఉంది, 1,650 మెగావాట్లది. బొగ్గు కాలితే బూడిద వస్తుంది, దాన్ని ఎక్కడో గుట్ట పోసే బదులు ఇటుకగా చేస్తే రెండు లాభాలు: బూడిద కదుల్తుంది, ఎర్ర ఇటుక బట్టీకి పోయే మన్నూ కట్టెలూ మిగుల్తాయి. కట్టే ఖాతాలో అది జమే. అయితే బతికే ఖాతాలో? ఫ్లైయాష్ ఇటుక వేడిని ఆపే విషయంలో ఎర్ర ఇటుక కంటే చెప్పుకోదగ్గ మెరుగేమీ కాదు. పైగా కార్పెట్ ఏరియా పెంచడానికి బయటి గోడనూ ఆరంగుళాలకు, నాలుగున్నర అంగుళాలకు కుదిస్తే, 'గ్రీన్' ఇటుకతో కట్టిన పెనం తయారవుతుంది. ఏఏసీ బ్లాకులు, అంటే నీళ్లలో వేస్తే తేలేంత తేలికైన బ్లాకులు, ఎర్ర ఇటుకతో పోలిస్తే చాలా తక్కువ వేడినే లోపలికి పంపుతాయి. పడమటి గోడ ఒక్కటైనా వాటితో కట్టారా అని అడగండి. అవి ఎంత దూరం నుంచి లారీలో వచ్చాయో కూడా అడగండి.

ఇక్కడే ఒక తమాషా ఉంది. వాస్తు ప్రకారం మనం పెద్ద బెడ్రూం నైరుతిలో పెడతాం. సాయంత్రపు ఎండ మొత్తం తాగేది ఆ మూలే. నైరుతి బరువుండాలని పాతవాళ్లు అన్నారంటే, అక్కడ మందపాటి గోడలుండేవి, వెనక చెట్టో కొట్టమో ఉండేది. మనం నైరుతిని ఉంచుకుని బరువును వదిలేశాం. పల్చటి గోడ కట్టి, నిలువెత్తు అద్దం కిటికీ పెట్టి, ఆ గదికే ఒకటిన్నర టన్నుల ఏసీ బిగించుకుంటాం. దక్షిణపు కిటికీకి గజం ముందుకొచ్చిన సన్‌షేడ్ ఉన్నా లేకున్నా మేలో తేడా రాదు. పడమటి కిటికీకైతే సన్‌షేడ్ చాలదు, ఎండ అడ్డంగా వస్తుంది. బయటి వైపు తడకో, షట్టరో, లేదా ఒక కానుగ చెట్టో కావాలి. లోపల కర్టెన్ వేస్తే వేడి అప్పటికే ఇంట్లోకి వచ్చేసి ఉంటుంది.

ఏసీ ఖర్చు ఎంతో చూద్దాం. రాత్రికి ఎనిమిది గంటలు, గంటకు అటూ ఇటూగా ఒక యూనిట్, వేసవిలో తొంభై రాత్రులు: 720 యూనిట్లు. మన గ్రిడ్‌లో యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ గాల్లో కలుస్తుంది. అంటే వేసవికి ఐదు వందల కిలోలు, ఒక్క గదికి.

ఎక్కువే అనిపిస్తోందా? కట్టే ఖాతా తెరిచాక చెప్పండి. చదరపు అడుగుకు 0.4 బస్తాల సిమెంటు, మూడున్నర నాలుగు కిలోల స్టీలు అని మేస్త్రీలు వేసే మోటు లెక్క ఒకటుంది. వెయ్యి చదరపు అడుగుల ఇంటికి 400 బస్తాలు, అంటే 20 టన్నుల సిమెంటు. సున్నపురాయిని కొలిమిలో కాలిస్తే, రాయిలోంచే వాయువు విడుదలవుతుంది. వంద కిలోల స్వచ్ఛమైన సున్నపురాయి నుంచి 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ పోతుంది, కొలిమికి కాల్చిన బొగ్గు పొగ దానికి అదనం. అన్నీ కలిపి మన దేశంలో టన్ను సిమెంటుకు సుమారు 600 కిలోలు అనుకుంటే, ఇంటి సిమెంటుకే 12 టన్నులు. నాలుగు టన్నుల స్టీలుకు ఇంకో పది టన్నులు. మొత్తం 22 టన్నులు. గృహప్రవేశం నాడు పాలు పొంగించకముందే, నలభై వేసవుల ఏసీ వాడేసినంత పొగ ఆ ఇంటి కింద అప్పుగా ఉంది.

ఆ సిమెంటు ఫ్యాక్టరీలు ఎక్కడో లేవు. ఎర్రగుంట్ల, తాడిపత్రి, కొలిమిగుండ్ల వైపు వెళ్తే కనపడే పొగగొట్టాలు అవే. అందుకే బిల్డర్‌ను అడగాల్సిన మొదటి ప్రశ్న లాన్ గురించి కాదు, "పీపీసీ వాడారా, ఓపీసీ వాడారా?" అని. ఓపీసీ అంటే బూడిద కలపని సిమెంటు. పీపీసీ బస్తాలో 15 నుంచి 35 శాతం దాకా బూడిద కలిపి ఉంటుంది, ఆ మేరకు కాల్చిన రాయి తగ్గుతుంది. గోడలకూ, ప్లాస్టరింగుకూ, మామూలు స్లాబులకూ అది నిక్షేపంగా సరిపోతుంది. సెంట్రింగ్ తొందరగా విప్పాలన్న ఆత్రంతో కొందరు ఓపీసీ మీద పడతారు.

అన్నిటికంటే పెద్ద ఆదా ఇంటి సైజులో ఉంది. పదహారు వందల అడుగులది కాకుండా పదకొండు వందల అడుగులది తీసుకుంటే తగ్గే పొగ, ఇంకే గ్రీన్ మెటీరియల్‌తోనూ రాదు. ఈ మాట ఏ బ్రోచరులోనూ ఉండదు, ఎందుకుంటుంది?

నేల మీద ఏం వేశారో కూడా చూడండి. మెరిసే విట్రిఫైడ్ టైల్స్ ఎక్కువ భాగం గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. కొలిమిలో కాల్చి, వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీలో తెచ్చినవి. అనంతపురానికి తాడిపత్రి అరవై కిలోమీటర్ల లోపే. తాడిపత్రి బండ, బేతంచెర్ల నాపరాయి, కడప బండ: ఏవీ కాల్చినవి కావు, నేలలోంచి పలకలుగా వచ్చినవే. వంటింటి గట్టుకు కడప బండ వేసి, హాల్లో మాత్రం అది 'లుక్ రాదు' అంటాం. వాటికీ ఒక మచ్చ ఉంది లెండి. పాలిష్ యూనిట్ల బురదను రోడ్ల పక్కన గుట్టలు పోస్తారు. అయినా రెండింట్లో నేను బండల వైపే.

ఇక నీళ్లు. అనంతపురం జిల్లాకు ఏడాది మొత్తమ్మీద పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. వెయ్యి చదరపు అడుగుల కప్పు మీద అది 51 వేల లీటర్లు. ఆవిరైంది, ఒలికింది పోగా నలభై వేల లీటర్లు పట్టుకోవచ్చు. మనిషికి రోజుకు 135 లీటర్లన్నది పట్టణ నీటి సరఫరాకు వాడే ప్రమాణం. నలుగురికి 540. ఆ నలభై వేలు రెండున్నర నెలలకు వస్తాయి. సొంత ఇంట్లో, కప్పంతా మీదే అయితే అదీ లెక్క. ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో అదే కప్పును ఐదు కుటుంబాలు పంచుకోవాలి, అప్పుడు పదిహేను రోజులు. కాబట్టి 'రెయిన్ వాటర్ హార్వెస్టింగ్ ఉంది సార్' అన్నంత మాత్రాన నీళ్లకు ఢోకా లేదని కాదు. అలాగని అక్కర్లేదనీ కాదు. బోరు వేసిన ప్రతివాళ్లూ తిరిగి నేలకు ఎంతో కొంత ఇవ్వాల్సిందే. నీళ్లు, నేల, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం కూడా ఆ మాటే చెబుతుంది.

ఇంకుడుగుంత గురించి ఒక అనుభవం చెప్పాలి. దగ్గరి బంధువుల కొత్త అపార్ట్‌మెంట్‌లో గుంత ఎక్కడుందని అడిగితే వాచ్‌మన్ పార్కింగులో ఒక ఇనుప మూత చూపించాడు. దాని మీద ఎవరిదో స్కూటీ ఉంది. స్కూటీ జరిపి, గడ్డపారతో మూత లేపితే లోపల మూడడుగుల తొట్టి, నాలుగు వైపులా సిమెంటు పూత, అడుగున కూడా! అందులో సగం దాకా పగిలిన టైల్స్ ముక్కలు, పుట్టీ డబ్బాలు. టెర్రస్ నుంచి దిగిన పైపు దాని దాకా రానే లేదు, కాలువలోకి తిప్పేశారు. "మరి వాననీళ్లు?" అంటే వాచ్‌మన్ నవ్వాడు. "యాడ్నీళ్లు సార్, వేసవొస్తే ట్యాంకరే గతి." ప్లాన్ అప్రూవల్‌లో ఆ గుంత ఉంది. ఫొటో కూడా ఉండే ఉంటుంది.

మంచి గుంత ఎలా ఉంటుందంటే, అడుగున పెద్ద రాళ్లు, పైన కంకర, ఆ పైన ఇసుక, టెర్రస్ పైపు నేరుగా దాంట్లోకి, తొలివాన మురికి బయటికి పోయేందుకు ఒక వాల్వు. మూత లేపమని అడగండి. లేపడానికి ఇష్టపడకపోతే అదే జవాబు.

ఆ లాన్ సంగతి చెప్పకుండా వదల్లేను. అనంతపురంలో లాన్ అంటే ట్యాంకర్ నీళ్లతో పచ్చరంగు వేయడమే. వేప, కానుగ రెండేళ్లు సాకితే చాలు, తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి, నీడ కూడా ఇస్తాయి.

స్థలం ఖాతాను మనవాళ్లు అసలు తెరవరు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి అనంతపురంలో కాలనీలకు కాలనీలే నీట మునిగాయి. కరువు సీమలో వరద ఏంటని టీవీల వాళ్లు ఆశ్చర్యపోయారు. వంకకు కరువూ వరదా తెలీదు, దారి తెలుసు. 2009 అక్టోబరులో కర్నూలును తుంగభద్ర, హంద్రీ ముంచాయి. కడపకు బుగ్గవంక ఉంది. వంకను పూడ్చి, చెరువు లోపలికి జరిగి కట్టిన ఇంటికి ఏ రేటింగు తగిలించినా అది పర్యావరణానికి చేసిన అన్యాయమే, కొన్నవాళ్లకు కూడా. గ్రామ పటం, ఎఫ్ఎంబీ (సర్వే నంబర్ల కొలతల పటం) తీయించి సర్వే నంబరు పక్కన వంక గీత ఉందేమో చూసుకోండి. ఆ పక్క పల్లెలో ముసలివాళ్లను అడిగితే ఇంకా తొందరగా తేలుతుంది.

దూరం కూడా ఖర్చే. 44వ నంబరు హైవే పక్కన, ఊరికి పది కిలోమీటర్ల అవతల విల్లా చవగ్గా వస్తుంది. రోజూ కారులో వచ్చిపోతే ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు, 400 లీటర్ల పెట్రోలు, తొమ్మిది వందల కిలోల పొగ. ఇందాకటి ఏసీకి దాదాపు రెట్టింపు.

సర్టిఫికెట్ల మాటేమిటి? హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) సర్టిఫైడ్, సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని రేటింగులు ఇస్తుంది. టెరీ అనే పరిశోధన సంస్థ, కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ కలిసి తెచ్చిన 'గృహ' (GRIHA) అనే రేటింగు నక్షత్రాల లెక్కన ఉంటుంది. ప్రపంచ బ్యాంకు కుటుంబంలోని ఐఎఫ్‌సీ ఇచ్చే ఎడ్జ్‌కు కరెంటు, నీళ్లు, సామగ్రి తయారీ, మూడింట్లోనూ కనీసం 20 శాతం ఆదా చూపించాలి. ఇవి ఉత్తుత్తివి కావు. కానీ బోర్డు మీద చిన్నక్షరాల్లో 'ప్రీ సర్టిఫైడ్' అని ఉందేమో చూడండి. అది డ్రాయింగులకు ఇచ్చిన మార్కులే, కట్టిన భవనానికి కాదు. తుది సర్టిఫికెట్ వేరు. పైగా పాయింట్ల పద్ధతిలో ఒకచోట పోయినవి ఇంకోచోట తెచ్చుకోవచ్చు. మన చిన్న ఊళ్లలో చాలా ప్రాజెక్టులకు ఏ రేటింగూ ఉండదు, అది తప్పేమీ కాదు. రేటింగు లేని మంచి ఇల్లూ ఉంటుంది, ఉండి వేడెక్కే ఇల్లూ ఉంటుంది.

సోలార్ ఒక్కటే మనకు దేవుడిచ్చిన సౌకర్యం, ఎండకు లోటు లేదు. ఒక కిలోవాట్‌కు నీడపడని వంద చదరపు అడుగులు కావాలి, రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్ల దాకా కిలోవాట్‌కు 30 వేలు, మూడు అంతకు మించి ఉంటే మొత్తం 78 వేల సబ్సిడీ. అపార్ట్‌మెంట్లలో లిఫ్టు, మోటార్ల వంటి ఉమ్మడి అవసరాలకు సంఘం పెట్టుకుంటే కిలోవాట్‌కు 18 వేలు. ఒక్క జాగ్రత్త: టెర్రస్ మీద హక్కు ఎవరిదో కాగితంలో చదవండి. ఇళ్ల ప్రాజెక్టుల అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం ప్రకారం టెర్రస్ ఉమ్మడి స్థలం. పెంట్‌హౌస్ పేరుతో దాన్ని ఎవరికైనా అమ్మేసి ఉంటే మీ ప్యానెళ్లకు చోటు లేనట్టే.

రెరా పనికొచ్చే చోటు ఇంకొకటుంది. ప్రకటనలోనో బ్రోచరులోనో చెప్పింది అబద్ధమని తేలితే నష్టపరిహారం అడగొచ్చు, ప్రాజెక్టు వద్దనుకుంటే కట్టిన డబ్బు వడ్డీతో వెనక్కి కోరొచ్చు. అందుకే బ్రోచరు పారేయకండి. 'ఎకో ఫ్రెండ్లీ' అన్న మాట కోర్టులో ఎవరికీ అందదు. 'స్లాబ్ మీద 50 మిల్లీమీటర్ల ఇన్సులేషన్, పడమటి గోడ ఎనిమిది అంగుళాల ఏఏసీ' అని అగ్రిమెంటులో రాయించుకుంటే అందుతుంది. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా పది శాతానికి మించి అడ్వాన్స్ తీసుకోకూడదని కూడా అదే చట్టంలో ఉంది.

మా బామ్మర్ది ఆ ఐదో అంతస్తు నైరుతి ఫ్లాట్ వదిలేశాడు. ఇంకో చోట రెండో అంతస్తులో, ఉత్తరం తూర్పు కలిసిన పదకొండు వందల అడుగుల ఫ్లాట్‌కు పది శాతం కట్టాడు. మేమిద్దరం రాత్రి తొమ్మిదింటికి వెళ్లి గోడలన్నీ తడిమే వచ్చాం. అగ్రిమెంటు మాత్రం ఇంకుడుగుంత మూత తెరిచి చూపించాకే అన్నాడు. "చూపిస్తాంలే అన్నా, తొందరేముంది" అని బిల్డర్ మనిషి మూడు వారాల నుంచి అంటున్నాడు.